తొమ్మిదిన్నర గేటు

పుతుల్ మాషిని పనిలోంచి తీసేశారు. తీసేసింది హాస్టల్ సూపరింటెండెంటు. తీసేసే వీలు కల్పించింది మాత్రం మేము. మేమంటే స్త్రీల హక్కుల కోసం గొంతు బొంగురుపోయేదాకా అరిచిన తొంభై నాలుగు మంది ఆడపిల్లలం. మా అందరిలోకీ నా చేతిరాత బాగుంటుంది. ఈ కథలో అన్నిటికంటే పెద్ద దరిద్రం అదే.

నా పేరు తియాసా బర్మన్. మాది కూచ్‌బిహార్. కలకత్తాలో స్త్రీ అధ్యయనాల్లో ఎం.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. ఈ చదువులో చేరతానన్నప్పుడు మా బాబాయి పకపకా నవ్వాడు. "ఆడదానివై పుట్టావు కదే, మళ్ళీ దాన్ని చదవడమేమిటి? చేప ఈత నేర్చుకోడానికి ఫీజు కట్టినట్టు!" అన్నాడు. ఆ రోజు ఆయనతో గంటసేపు పోట్లాడాను. ఇప్పుడైతే పోట్లాడను. చదివినంత మాత్రాన వచ్చేదేమీ లేదని నాకు తెలిసొచ్చింది.

మా ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకు మూసేవాళ్ళు. లైబ్రరీ తొమ్మిది దాకా తెరిచి ఉండేది. రోడ్డుకు అవతలే మగపిల్లల హాస్టల్. దాని గేటు రెక్క తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. మళ్ళీ పెట్టించాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఏనాడూ మూసింది లేదు. మా సూపరింటెండెంటు బిజయా ముఖుటి. అందరం సూపర్ అనేవాళ్ళం. ఆవిడ నడుముకు తాళాల గుత్తి వేలాడేది. ఎవరైనా పది నిమిషాలు ఆలస్యమైతే నేరుగా ఇంటికి ఫోను చేసేది. "మీ అమ్మాయి ఈ వేళప్పుడు ఎక్కడుందో మాకు తెలీదండీ" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆవిడకు బాగా తెలుసు.

పోయిన వానాకాలం ఝార్‌గ్రామ్ పిల్ల రింకీ టుడు రోడ్లు మునిగి బస్సు ఆగిపోవడంతో ఆరూ యాభైకి వచ్చింది. సూపర్ గేటు తీయలేదు. పిల్ల గంటన్నర వానలో నిలబడింది. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి, ఒక్క మాట అడక్కుండా పెట్టె సర్దించి తీసుకెళ్ళిపోయాడు. రింకీ ఆ ఏడు పరీక్షలు రాయలేదు. మా క్లాసులో అందరికంటే బాగా చదివేది ఆ పిల్లే.

మా ఉద్యమం అక్కడ మొదలైంది. మా కోపం న్యాయమైనది. ఆ మాట ఇవాళ్టికీ అంటాను.

పుతుల్ మాషి హాస్టల్ వంటమనిషి. మాషి అంటే పిన్ని. బెంగాల్లో వంటపని, ఇంటిపని చేసే ఆడవాళ్ళందరినీ మేము పిన్నీ అనే పిలుస్తాం. అలా పిలిస్తే వాళ్ళు మన ఇంటివాళ్ళైపోయినట్టు, ఇక మనం ప్రత్యేకంగా పట్టించుకోవలసిన పని లేనట్టు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, నోరు మాత్రం గట్టిది. కానింగ్ లోకల్ రైల్లో తాల్దీ నుంచి రోజూ వచ్చిపోయేది. మా పోస్టర్లు అంటించడానికి మైదా జిగురు ఉడికించి ఇచ్చింది ఆవిడే.

"ఇంత చిక్కగా ఎందుకు మాషీ?" అని అడిగితే, "మీ సూపర్ గోళ్ళతో గీకినా రాకూడదు. గోడ ఊడాలి కానీ కాగితం ఊడకూడదు" అనేది.

నా పరిశోధన కూడా ఆవిడ చుట్టూనే తిరిగింది. దూరం నుంచి పనికొచ్చే ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుంది అన్నది నా విషయం. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ప్రతి అరగంటా ఏం చేస్తారో అడిగి గళ్ళ కాగితంలో నింపాలి. పద్దెనిమిది మందిని అడిగాను. కాగితాల్లో పేర్లు రాయకూడదు కాబట్టి అందరికీ నంబర్లు ఇచ్చాను. పుతుల్ మాషి ఏడో నంబరు. మిగతావాళ్ళు అవును, కాదు అని ఊరుకుంటే ఈవిడ మాత్రం మాట్లాడింది. మూడు వారాలు, బంగాళాదుంపలు తరుగుతూ, చేపలు తోముతూ మాట్లాడింది. నా మూడో అధ్యాయం మొత్తం ఆవిడే.

"ఏం రాశావో చదువు" అనేది.

"మూడున్నరకు లేస్తారు. నాలుగూ పదికి వ్యాన్ రిక్షా. నాలుగూ నలభైకి రైలు. ఆరున్నరకు పొయ్యి వెలిగిస్తారు. సాయంత్రం ఏడూ ఇరవై బండి ఎక్కుతారు. తాల్దీలో దిగి ఆఖరి వ్యాన్ పట్టుకుని తొమ్మిదింటికి ఇల్లు."

"అదంతా నాకు తెలీదా? నాకు తెలీనిదేదైనా చెప్పు."

"మీరు రోజుకి పద్దెనిమిది గంటలు మెలకువగా ఉంటున్నారు మాషీ."

"అదీ తెలుసు. దీనికి ఉద్యోగమొస్తదా నీకు?"

"రాకపోవచ్చు."

"అయితే ఉల్లిపాయలు పట్టు ఇటు. ముందు చేతికి పని నేర్చుకో."

ఆ ఏడూ ఇరవై బండి ఆవిడకు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పింది. భర్త కేరళకు పనికి వెళ్ళి అక్కడే మరో కాపురం పెట్టుకున్నాడు. ఇంట్లో పదో తరగతి చదివే కూతురు ఝుమా ఒక్కతే. చీకటి పడ్డాక తలుపు గడియ లోపల్నుంచి వేసుకుని కూర్చుంటుంది. అమ్మ గొంతు వింటే తప్ప తీయదు. ఆఖరి వ్యాన్ తప్పిపోతే కట్ట మీద నాలుగు కిలోమీటర్లు నడవాలి. ఆ కట్ట మీద చీకట్లో ఆడవాళ్ళు నడవరు. ఇదంతా నా చేత్తోనే రాసుకున్నాను. కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను, 'ముఖ్యం' అని.

సెప్టెంబరులో డీన్‌ను ఘెరావ్ చేశాం. పొద్దున పదకొండింటికి ఆయన గదిలో చుట్టూ కూర్చున్నాం. కలకత్తాలో ఘెరావ్‌కు కూడా ఒక మర్యాద ఉంటుంది. టీ ఆపకూడదు, మందులు ఆపకూడదు, బాత్రూముకు దారివ్వాలి, తిరిగొచ్చాక మళ్ళీ చుట్టుముట్టాలి. డీన్ ప్రమథేశ్ లాహిరి ఇవన్నీ తెలిసినవాడు. కుర్రతనంలో ఆయనా ఎందరినో చుట్టుముట్టినవాడే. చిరునవ్వు చెదరనీయకుండా కూర్చున్నాడు.

"మా ఇంట్లోనూ ఆడపిల్ల ఉందమ్మా. మీ గురించి నాకు దిగులుండదా?" అన్నాడు.

"ఆవిడక్కూడా ఆరున్నరకి తాళం వేస్తారా సార్?" అని అడిగింది ఋతుజా దీ. గదంతా గొల్లుమంది.

ఋతుజా సాన్యాల్ మా నాయకురాలు. దుర్గాపూర్ వకీలు గారి అమ్మాయి. మాటలో తండ్రిని మించింది. నాకంటే రెండేళ్ళు పెద్ద కాబట్టి దీ, అంటే అక్క. ఆవిడ మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అది నిజం.

మధ్యాహ్నం రెండింటికి ఆకలితో మా నినాదాలు నీరసపడ్డాయి. అప్పుడు పుతుల్ మాషి వచ్చింది. నెత్తి మీద కిచిడీ డేగిసా, వెనకాల మరో ఇద్దరు మాషిలు, వాళ్ళ చేతుల్లో ఆకు గిన్నెలు. గుమ్మంలో సూపర్ అడ్డం నిలబడింది.

"పుతుల్, నీకు జీతమిచ్చేది నేను. వీళ్ళు కాదు."

"జీతం మీరిస్తారు దిదీ. వీళ్ళకి ఆకలేసింది. ఆకలి మీ పద్దులో లేదు కదా" అంటూ మాషి పక్కనుంచి లోపలికొచ్చేసింది.

మేము చప్పట్లు కొట్టాం. మాషి డేగిసా దించి, కొంగుతో మొహం తుడుచుకుని, మాతో పాటు పిడికిలెత్తి ఒక నినాదం కూడా ఇచ్చింది. సూపర్ ఆ పిడికిలి వంక చూసింది. ఆ చూపును నేనూ చూశాను. చూసి, కిచిడీ తిన్నాను.

ఐదింటికి డీన్ దిగొచ్చాడు. గేటు తొమ్మిదిన్నర దాకా తెరుస్తామన్నాడు. మా దగ్గర ఒప్పంద పత్రం ఆఫీసువాళ్ళ చేత రాయించుకోకూడదని ఒక కట్టుబాటు ఉంది. మూడేళ్ళ కిందట ఆఫీసులో టైపు చేసిన కాగితంలో 'చేస్తాం' ఉండవలసిన చోట 'పరిశీలిస్తాం' అని దూర్చేశారట. అప్పట్నుంచి పత్రం విద్యార్థులే రాస్తారు, పైవాళ్ళు సంతకం పెడతారు. చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు.

రెండు షరతులు రాశాక డీన్ గొంతు సవరించుకున్నాడు. "అంతసేపు గేటు తెరిచి ఉంచితే వచ్చేపోయేవాళ్ళని చూసే మనిషి కావాలి కదమ్మా. మగ దర్వాన్‌ని పెడితే మళ్ళీ మీరే గొడవ చేస్తారు."

"మగవాళ్ళు వద్దు. ఆడమనిషే ఉండాలి. అది మా డిమాండే అనుకోండి" అంది ఋతుజా దీ.

"ఉన్న సిబ్బందిలోంచే సర్దుకోవాలి మరి. కొత్తవాళ్ళని తీసుకునే అధికారం నాకు లేదు."

"అది మీ ఇష్టం సార్. ఆడమనిషి ఉంటే చాలు. రాయవే తియాసా."

రాశాను. 'మూడు: గేటు మూసేవరకు ప్రస్తుత సిబ్బందిలో ఒక మహిళ గేటు వద్ద ఉండాలి.' రాస్తున్నప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది. ఎంత స్త్రీవాద షరతు! ఆడమనిషి చెట్టుకు కాస్తుందా, ఆవిడకు ఇల్లుందా, ఆవిడ ఏ బండికి వెళ్ళాలి అని తొంభై నాలుగు మందిలో ఒక్కరమూ అడగలేదు. ఆ నిమిషంలో పుతుల్ మాషి నాకు నాలుగడుగుల దూరంలో వంగి, మేము తిని పడేసిన ఆకు గిన్నెలు ఏరుతోంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆవిడ సాయంత్రాల్ని మేము డీన్‌కు రాసిచ్చేశాం.

తర్వాత ఆవరణలో గులాల్ చల్లుకున్నాం. మాషి బుగ్గలకు నేనే పూశాను. "చాల్లే, ఇట్టా పోతే రైల్లో వాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుంటారు" అని నవ్వుతూ ఏడూ ఇరవై బండికి పరిగెత్తింది. ఆవిడ ఆ బండి ఎక్కడం అదే ఆఖరు.

మర్నాడు సూపర్ డ్యూటీ చీటీ అంటించింది. మాషిలు నలుగురు. వంతుల వారీగా వేస్తారనుకోవడం న్యాయం. చీటీలో ఏడు రోజులూ ఒకటే పేరు. కిచిడీకి బదులు సూపర్ అలా తీర్చుకుంది. అడిగితే, "పిల్లలే రాశారు కదా, ఉన్న సిబ్బందిలో ఒక మహిళ అని. ఎవరని రాయలేదు" అందిట. పొద్దున ఆరున్నర నుంచి వంట, ఆ తర్వాత గేటు దగ్గర స్టూలు. దానికి పైసా ఎక్కువ లేదు.

నేను గమనించలేదు. అబద్ధం చెప్పను, తొమ్మిది రోజులు గమనించలేదు. లైబ్రరీ నుంచి దర్జాగా తొమ్మిదింటికి వస్తూ, చేతిలో ఎగ్ రోల్ తింటూ, స్టూలు మీద, వచ్చేపోయేవాళ్ళు పేర్లు రాసే పుస్తకం పట్టుకుని కూర్చున్న మాషిని పలకరించి పోయేదాన్ని. "తిన్నావా తల్లీ?" అని ఆవిడ అడిగేది. "తిన్నా మాషీ" అనేదాన్ని. గళ్ళ కాగితాల్లో ఆవిడ ప్రతి అరగంటా నింపినదాన్ని, ఆ అరగంటలో ఆవిడ అక్కడ ఎందుకుందో అడగలేదు. అప్పటికి నాకు ఆవిడ ఏడో నంబరు. ఏడో నంబరు పని పూర్తయిపోయింది.

పదో రోజు పొద్దున కూర మాడింది. వంటింట్లోకి వెళితే మాషి గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోతోంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఏమైంది మాషీ? జ్వరమా?"

"జ్వరమైతే బాగుండును. పడుకోనిచ్చేవాళ్ళు" అంది. "తొమ్మిదిన్నరకి వదిలితే తాల్దీలో దిగేసరికి వ్యాన్లుండవు. మూడు రాత్రుళ్ళు బండెక్కకుండా ఇక్కడి స్టేషన్లోనే పడుకున్నా. శియాల్దాలో పోలీసు లాఠీతో పొడిచి లేపుతాడు. మిగతా రోజులు పక్కూరి మేనల్లుణ్ణి బతిమాలుకుని సైకిలెక్కా. ఇప్పుడు వాడి పెళ్ళాం ఊరుకోవట్లా."

"ఝుమా?"

"పక్కింట్లో పడుకుంటోంది. పక్కింటాయన మంచోడు కాదు."

అంతే చెప్పింది. మళ్ళీ గరిటె తీసుకుంది. నేను సూపర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తాళాల గుత్తి తిప్పుకుంటూ, "నీ రాతే కదమ్మా అది. ముత్యాల్లా ఉంది" అంది. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆవిడ మీదో నా మీదో తెలియలేదు.

ఆ వారం చివర మాషి స్టూలు మీదే కునికింది. ఎవరో ఇద్దరు పిల్లలు పుస్తకంలో రాయకుండా బయటికి పోయి ఆలస్యంగా వచ్చారు. మర్నాడు సూపర్ ఒక చేత్తో సైగ చేసి, "రేపట్నుంచి రావద్దు" అంది. కాంట్రాక్టు మనిషి కాబట్టి కాగితం కూడా అక్కర్లేదు. పదకొండేళ్ళ పని అలా ఒక సైగతో పోయింది. బయటికి పోయి వచ్చిన ఆ ఇద్దరూ నోరు మెదపలేదు.

నేను గొడవ చేసి సర్వసభ్య సమావేశం పెట్టించాను. ఆదివారం, అన్నాల తర్వాత, భోజనాల హాల్లో. నేను చెప్పదలుచుకున్నది సూటిగానే చెప్పాను. మాషిని మళ్ళీ తీసుకోవాలి. మూడో షరతు కొట్టేయాలి, గేటుకు వేరే మనిషిని పెట్టాలి. ఒప్పుకునేదాకా మళ్ళీ ఘెరావ్.

ఋతుజా దీ శాంతంగా విన్నది. "నాకు బాధ లేదనుకుంటున్నావా? మాషి చేతి అన్నం నాలుగేళ్ళు తిన్నాను. కానీ ఇది వాళ్ళ ఎత్తు. మనకి, మాషిలకి మధ్య తగువు పెట్టాలని చూస్తున్నారు. మనం ఆ ఒప్పందాన్ని ముట్టుకుంటే మొత్తం పోతుంది."

"పోతే పోనీ."

"పోనీయా? మనిషిని పెట్టం, మళ్ళీ ఆరున్నరే అంటాడు డీన్. సరే అంటావా?"

"అంటా."

"రింకీకి ఏం చెబుతావు మరి? వచ్చే నెల తిరిగొస్తోంది. గేటు తెరిచారని చెబితేనే వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు. ఆ పిల్లకి ఫోను చేసి రావద్దని నువ్వు చెబుతావా?"

అన్యాయం చేసినవాళ్ళు హాయిగా ఇంట్లో కునుకు తీస్తుంటే, రింకీనీ పుతుల్ మాషినీ త్రాసులో చెరోవైపు పెట్టి తూచే పని మా నెత్తిన పడింది. మేమూ శ్రద్ధగా తూస్తున్నాం. డీన్‌ను అడగవలసిన ప్రశ్న ఒకరినొకరం అడుగుతున్నాం. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. మెట్లు దిగాక తట్టింది, ఏం లాభం?

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "అది పనివాళ్ళ సంఘం చూసుకోవాల్సిన విషయం కదా, మనది విద్యార్థి ఉద్యమం" అంది.

"వాళ్ళకి సంఘమెక్కడుందే?" అని అరిచాను.

"అయితే అందరం కొంచెం కొంచెం వేసుకుని మాషికి సాయం చేద్దాం. ఒక చీర కూడా కొందాం" అంది ఇంకొకతె. చాలా తలలు ఊగాయి. చీరట! మనిషి బతుకు తీసుకుని చీర పెడతారట! ఆ నోటితోనే మొన్న క్లాసులో 'శ్రమ కనిపించకుండా పోవడం' మీద పత్రం చదివింది ఆ మహాతల్లి.

చేతులెత్తించారు. ఘెరావ్‌కు నాతో కలిపి పదకొండు చేతులు లేచాయి. చీరకు అరవై దాటాయి. మేము చేతులు లెక్కపెట్టుకుంటున్నంతసేపూ మిగిలిన ముగ్గురు మాషిలలో ఒకరైన అనిమా మాషి వెనక బల్లలు తుడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం నుంచి గేటు స్టూలు ఆవిడది. తల ఎత్తి మా వంక చూడలేదు. ఓటు అడగవలసింది ఆవిడనని మాకూ తోచలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరం పంచుకుని లేచిపోయాం.

సోమవారం మా గైడ్ దేబారతీ దీ దగ్గర కూర్చుని ఏడ్చాను. మా దగ్గర ఆడ ప్రొఫెసర్లను కూడా దీ అనే పిలుస్తాం. ఆవిడ నా చేయి పట్టుకుని అంతా విన్నది. నీళ్ళ గ్లాసు అందించింది. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అంది.

"తియాసా, ఇది చాలా అరుదైన సమాచారం. మూడో అధ్యాయానికి ముగింపు లేదని అనుకున్నాం కదా. ఇదే ముగింపు. వెళ్ళి ఇంకోసారి ఇంటర్వ్యూ చెయ్. పని పోయాక ఆవిడ రోజు ఎలా గడుస్తోందో పట్టిక వెయ్. ముందూ వెనకా పక్కపక్కన పెడితే ఏ పరీక్షకుడైనా కదిలిపోతాడు."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆవిడ మాటలు వింటే ముద్దేననిపించింది. ఛీ అని లేచిపోయానని చెబితే బాగుండును. లేవలేదు. "సరే దీ" అన్నాను. శనివారం రికార్డరులో కొత్త బ్యాటరీ వేసుకుని పొద్దున కానింగ్ లోకల్ ఎక్కాను. క్షమాపణ చెప్పడానికే వెళుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. రికార్డరు సంచి అడుగున పెట్టాను, నాకే కనబడకుండా.

తాల్దీలో దిగి, వ్యాన్ ఎక్కి, కట్ట మీదుగా వెళ్ళాను. రేకుల ఇల్లు. తలుపు తీసింది ఝుమా. రెండు జడలు, చేతిలో లెక్కల పుస్తకం.

"మా అమ్మని ఏడో నంబరని రాసింది మీరేనా?" అంది.

"ఏయ్, లోపలికి రానీ" అని మాషి గొంతు వినిపించింది. అప్పుడు ఆవిడ చేతులు చూశాను. వేళ్ళు ఉబ్బి, చివర్లు తెల్లగా పాలిపోయి, అక్కడక్కడా చీరుకుపోయి ఉన్నాయి. రొయ్యల డిపోలో ఒలిచే పనికి పోతోందట. పొద్దంతా ఐసులో చేతులు. ఆ రోజు సరుకు రాలేదట.

"నలుగురిళ్ళలో పనికి కలకత్తా పోవచ్చు. కానీ ఝుమా పరీక్షలయ్యేదాకా దీన్ని వదిలి దూరం పోను" అంది. "నువ్వేంటి ఇంత దూరం?"

సమావేశం సంగతి చెప్పాను. పదకొండు చేతుల సంగతి చెప్పాను. చీర సంగతి చెప్పడానికి నోరు రాలేదు కానీ, అదీ చెప్పాను. మాషి తల పంకిస్తూ విన్నది.

"మంచి చీరేనా?" అని అడిగింది.

ఝుమా కిసుక్కున నవ్వింది. నేను తల దించుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, చేతులకు పని కావాలి కాబట్టి, సంచిలోంచి రికార్డరు తీశాను. "మాషీ, మీకు జరిగింది అందరికీ తెలియాలి. మీరు చెప్పండి, నేను రాస్తాను. మా దీ కూడా..."

మాషి రికార్డరు వంక చూసింది. లేచి, అల్మరా మీది బిస్కెట్ల డబ్బా దించి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసి కూతురికిచ్చింది. "చదవవే. ఆ కిందది."

అది ఇంటర్వ్యూలకు ముందు నేను సంతకం చేయించుకున్న సమ్మతి పత్రం నకలు. పద్దెనిమిది మందికీ తలొకటి ఇచ్చాను. పదిహేడు మంది ఏ పొట్లానికో వాడేసి ఉంటారు. ఝుమా బడిలో పాఠం చదివినట్టు చదివింది. "'నేను ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా, నా మాటలను వెనక్కి తీసుకోవచ్చు.'"

"నువ్వే చదివి వినిపించావు ఆ రోజు" అంది మాషి. "అప్పుడు నవ్వొచ్చింది నాకు. నోట్లోంచి పోయిన మాట వెనక్కెట్టా వస్తది అని. అయినా కాగితం దాచుకున్నా. నా పేరు మీద ఎవరూ అంతకుముందు కాగితమివ్వలా. తీసుకుంటున్నా. ఇచ్చెయ్."

"మాషీ, మూడో అధ్యాయం మొత్తం మీరే. మీ కథ బయటికి రాకపోతే..."

"వస్తే?" మాషి గొంతు మొదటిసారి లేచింది. "ఎవరికి తెలియాలమ్మా? నీకు తెలుసుగా! నేను ఏ బండెక్కుతానో తెలుసు. ఏ వ్యాన్ తప్పితే ఏమైతదో తెలుసు. నా కూతురు తలుపు గడియ ఎట్టా వేసుకుంటదో కూడా తెలుసు. ఇదంతా తెలిసిన మనిషి కలకత్తా మొత్తం మీద నువ్వు ఒక్కదానివే. తెలిసి, ఆ కాగితం రాసింది కూడా నువ్వే. ఇంకో నలుగురికి తెలిస్తే నాకేం ఒరుగుద్ది?"

సూపర్ మీద, డీన్ మీద, ఋతుజా దీ మీద, చీర పిల్ల మీద నా దగ్గర ఎంత కోపమున్నా, ఆ ప్రశ్న ముందు అది పనికిరాదు.

"కారణం చెప్పక్కర్లేదని రాసుంది. అయినా చెప్పా" అంది మాషి, గొంతు దించి.

రికార్డరు ఆవిడకు కనబడేలా పట్టుకుని అందులోని ఆవిడ మాటలు ఒక్కొక్కటే తీసేశాను. ప్రతిదానికీ 'తుడిచేయమంటారా?' అని అడుగుతుంది అది. పదమూడు ముక్కలు. వాటిలో మాషి నవ్వులున్నాయి, నూనెలో చేప పడిన చప్పుళ్ళున్నాయి, నన్ను ఉల్లిపాయలు పట్టమన్న కేకలున్నాయి. ఝుమా నా భుజం మీదుగా వంగి లెక్కపెట్టింది. ఆఖరిది పోయాక, "ఖాళీ" అని వాళ్ళమ్మకు చెప్పింది. గళ్ళ కాగితాలు కూడా సంచిలోనే ఉన్నాయి. అవి మాషి పొయ్యిలో పెట్టింది. ముగింపు కోసం ముందూ వెనకా పక్కపక్కన పెడదామని తెచ్చుకున్న కాగితాలవి.

నేను లేచాను. చెప్పులేసుకుంటుంటే మాషి పళ్ళెం కడిగి కింద పెట్టింది.

"ఎక్కడికి? అన్నమయింది, తిని పో."

"ఆలస్యమవుతుంది మాషీ."

"నీకేం ఆలస్యం?" అంది మాషి, అన్నం వడ్డిస్తూ. "నీ గేటు తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటది."